మంటకు లొంగని ఎపాక్సీ: బేరం కిలోకా, భాస్వరానికా?

కోస్తా గాలిలో చెమ్మకు నిలిచే సరుకును ఎంచుకోవడమే అసలు కిటుకు

నెల్లూరు: నిప్పుకు తట్టుకొనే సరుకును అమ్మడం ఈ కోస్తాకు కొత్త విద్య కాదు. గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల గనులలో తవ్వితీసిన అభ్రకం పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే ఓడలెక్కి పరదేశాలకు వెళ్లింది. పల్లెల్లో కాకిబంగారమని పిలిచేది దానినే. రేకులు రేకులుగా చీలుతుంది, విద్యుత్తును ఆపుతుంది, మంటలో పెట్టినా మండదు. పరిమాణం, రంగు, మచ్చలు చూసి తరగతులు కట్టడంలో ఇక్కడి పనివారిది అందె వేసిన చేయి. 1970లలో ఎగుమతి వ్యాపారం ప్రభుత్వ రంగంలోని మైకా ట్రేడింగ్ కార్పొరేషన్ చేతిమీదుగా సాగింది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నం కావడంతో ఒక పెద్ద కొనుగోలుదారు కనుమరుగైపోయాడు. గనుల ప్రాంతంలో వ్యాపారం కుంచించుకుపోయింది.

అభ్రకం మాత్రం విద్యుత్ యంత్రాల నుంచి పోలేదు. పెద్ద జనరేటర్ల తీగచుట్లపై నేటికీ అభ్రకపు పట్టీనే చుడతారు. అయితే అది వెనుకటి మాదిరి పెద్ద రేకు కాదు. అభ్రకాన్ని పొడిచేసి కాగితంలా పరచి, గాజు బట్టకు అంటించి తయారుచేసిన పట్టీ. ఆ అంటించే పని చేసేది ఎపాక్సీ రెజిన్. చిక్కంతా ఇక్కడే వున్నది. అభ్రకం మండదు, గాజు మండదు, వాటిని పట్టి వుంచే ఎపాక్సీ మాత్రం మండుతుంది. అభ్రకానికి పుట్టుకతో వచ్చిన గుణాన్ని ఎపాక్సీకి డబ్బు పెట్టి కొని తేవాలి. అలా కొనే సరుకులలో నేడు ముందు వరుసలో వున్నవి భాస్వరం చేర్పులు.

ఈ సరుకును కిలో ఇంత అని బేరమాడే వర్తకుడు నష్టపోయే అవకాశం ఎక్కువ. అందులో భాస్వరం ఎంత, అది చెమ్మకు ఎంతవరకు నిలుస్తుంది అనే రెండు ప్రశ్నలు వేసినవాడికే లెక్క తెలుస్తుంది.

గిరాకీ ఎక్కడ?

ఎపాక్సీ పుట్టి ఎనిమిది దశాబ్దాలు దాటింది. స్విట్జర్లాండులో పియరీ కాస్టన్, అమెరికాలో సిల్వాన్ గ్రీన్‌లీ విడివిడిగా దీనిమీద కృషి చేశారు. 1946లో సీబా సంస్థ అరల్డైట్ పేరుతో జిగురును మార్కెట్లోకి తెచ్చింది. ఎపిక్లోరోహైడ్రిన్, బిస్‌ఫినాల్-ఎ అనే రెండు రసాయనాలను కలిపితే రెజిన్ వస్తుంది. దానికి గట్టిపరచే ద్రవం, అంటే హార్డెనర్, చేర్చితే రాయిలా గట్టిపడుతుంది. మళ్లీ కరగదు.

నెల్లూరు కోస్తాలో ఈ రెజిన్ చాలాచోట్ల కనిపిస్తుంది. గమేసా సంస్థ 2010ల రెండో సగంలో నెల్లూరు ప్రాంతంలో గాలిమరల రెక్కల కర్మాగారం నెలకొల్పింది. గాజు నారను, రెజిన్‌ను కలిపి అచ్చులో పోసే పని అది. శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్ల పై దశల మోటారు తొడుగులలో కొన్ని నారనూ రెజిన్‌నూ కలిపి చుట్టినవే. కృష్ణపట్నం దగ్గరి దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు వున్నాయి. అటువంటి కేంద్రాలలో తీగచుట్ల ఇన్సులేషన్‌కు, నూనె లేని పొడి ట్రాన్స్‌ఫార్మర్లకు ఎపాక్సీ కావాలి. తడ పక్కనున్న శ్రీసిటీలో 2015 నుంచి సెల్‌ఫోన్ల కూర్పు సాగింది. 2022 వరకు నెల్లూరు జిల్లాలో వున్న నాయుడుపేటలో సర్క్యూట్ బోర్డులు, రాగి రేకు తొడిగిన లామినేట్లు తయారుచేసే కర్మాగారానికి సిర్మా ఎస్‌జీఎస్ సంస్థ 2025లో దాదాపు 1,600 కోట్ల రూపాయల ప్రతిపాదన ప్రకటించింది. రాగి రేకు లామినేట్ అంటే ప్రధానంగా గాజు బట్ట, ఎపాక్సీ.

వీటన్నిటికీ మంటనాపే రకం అవసరం లేదు. రొయ్యపిల్లల హేచరీ తొట్లకు వేసే ఎపాక్సీ పూత ఎప్పుడూ నీటిలోనే వుంటుంది. దానికి భాస్వరం చేర్చిన సరుకును అంటగట్టడం కొన్నవాడికి దండుగ, రొయ్యకు కీడు. గాలిమర రెక్కకు ముందు కావలసింది బలం. మంటనాపే రకానికి అసలు గిరాకీ విద్యుత్తు పారే చోట వున్నది. సర్క్యూట్ బోర్డులు, స్విచ్‌బోర్డు పలకలు, పొడి ట్రాన్స్‌ఫార్మర్లు, బ్యాటరీ పెట్టెలు, గాలిమర తలలోని యంత్ర గది భాగాలు ఈ కోవలోకి వస్తాయి.

ప్రమాదం వూహించినది కాదు. 2013 అక్టోబరు 29న నెదర్లాండ్స్‌లోని ఓల్ట్‌గెన్స్‌ప్లాట్ వద్ద గాలిమర పైభాగంలో మంటలు లేచి, అంత ఎత్తున చిక్కుకున్న ఇద్దరు యువ మెకానిక్‌లు మరణించారు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూములో పుట్టిన మంటల పొగ పైనున్న హోటలుకు ఎక్కి 8 మంది ప్రాణాలు తీసింది. పలక మండితే పోయేది పలక ఒక్కటే కాదు.

బ్రోమిన్ ఎందుకు వెనుకబడుతున్నది?

చాలాకాలం ఈ పనికి బ్రోమిన్‌దే పెత్తనం. ఎఫ్ఆర్-4 అని పిలిచే గాజు ఎపాక్సీ పలకలో టెట్రాబ్రోమో బిస్‌ఫినాల్-ఎ అనే రసాయనాన్ని రెజిన్‌లోనే కలిపి వండుతారు. రెజిన్ బరువులో బ్రోమిన్ 18 నుంచి 20 శాతం వరకు వుంటుంది. పని బాగానే చేస్తుంది, ధర అందుబాటులో వుంటుంది. అయితే కాలినప్పుడు హైడ్రోజన్ బ్రోమైడ్ అనే ఘాటైన ఆవిరి వెలువడి లోహాన్ని తింటుంది, వూపిరి అడ్డుకుంటుంది. పాత బోర్డులను బయట కుప్పపోసి కాలిస్తే డయాక్సిన్ జాతి విషాలు పుట్టవచ్చు.

ఐరోపా సంఘం 2006 జూలై 1 నుంచి పీబీబీ, పీబీడీఈ అనే రెండు బ్రోమిన్ కుటుంబాలను విద్యుత్ పరికరాలలో నిషేధించింది. మన దేశంలోనూ ఈ-వ్యర్థాల నిబంధనలు ఈ రెండింటికి 0.1 శాతం పరిమితి విధించాయి. ఇక్కడ వర్తకులు ఒక పొరపాటుకు లోనుకారాదు. ఎఫ్ఆర్-4లో వాడే టెట్రాబ్రోమో రసాయనం ఆ నిషేధ పట్టికలో లేదు. కనుక బ్రోమిన్ పలక అమ్మకమే నేరమని చెప్పి కొనుగోలుదారును బెదిరించే అమ్మకందారు మాట నిజం కాదు. బ్రోమిన్ లేని సరుకే కావాలని కోరుతున్నది పెద్ద ఎలక్ట్రానిక్ సంస్థలు. వారు అడిగే ‘హాలోజన్ లేని’ సరుకుకు అంతర్జాతీయ ప్రమాణం 61249-2-21 హద్దులు చెబుతున్నది. క్లోరిన్ పది లక్షల పాళ్లలో 900, బ్రోమిన్ 900, రెండూ కలిసి 1,500 మించరాదు.

ఈ హద్దులో ఒక ఉచ్చు కూడా వున్నది. ఎపాక్సీ తయారీకి వాడే ఎపిక్లోరోహైడ్రిన్‌లోనే క్లోరిన్ వున్నది. అందులో కొంత రెజిన్‌లో మిగిలిపోతుంది. బ్రోమిన్ చుక్క కూడా కలపని మామూలు రెజిన్ సైతం క్లోరిన్ లెక్కలో 900 దాటి తిరస్కారానికి గురికావచ్చు. అందుచేత ‘హాలోజన్ లేనిది’ అనే మాట చీటీలో వుంటే చాలదు. మొత్తం క్లోరిన్ ఎంతో అంకె అడగాలి.

అగ్గిపెట్టెలోనిదే, మంటార్పే సీసాలోనిదే

అగ్గిపుల్ల గీసే పక్కపట్టీలో వున్నది ఎర్ర భాస్వరం. నిప్పు పుట్టించే సరుకు నిప్పును ఎలా ఆపుతుందని ఆశ్చర్యపడనక్కరలేదు. ఆఫీసు గోడకు వేలాడే ఎర్ర సీసాలోని మంటార్పే పొడిలో ముఖ్యమైనది అమోనియం ఫాస్ఫేటే. భాస్వరం ఏ రూపంలో వున్నదన్న దానిని బట్టి దాని నడవడి మారుతుంది.

ఎపాక్సీలో భాస్వరం రెండు తీరుల పనిచేస్తుంది. మొదటిది పొయ్యిలో బూడిద కప్పడం లాంటిది. వేడి తగలగానే చేర్పు విడిపోయి ఫాస్ఫారిక్ ఆమ్లం ఇస్తుంది. ఆ ఆమ్లం రెజిన్‌లోని నీటిని లాగి, రెజిన్‌ను ఆవిరి కానివ్వకుండా బొగ్గు పొరగా మారుస్తుంది. ఆ పొర లోపలి సరుకుకు దుప్పటి. వేడి లోనికి పోదు, మండే ఆవిరి పైకి రాదు. రెండవది గాలిలో జరుగుతుంది. మంట నడవడానికి అవసరమైన చురుకైన అణువుల ముక్కలను భాస్వరపు ముక్కలు పట్టేసి గొలుసు తెంపుతాయి. అమోనియం పాలీఫాస్ఫేట్ మొదటి దారిలో, డోపో అనే రసాయనం ఎక్కువగా రెండవ దారిలో పనిచేస్తాయి. ఎర్ర భాస్వరానిది రెండు దారులూ.

రెండవ దారిలో మంట సగంలో ఆగినప్పుడు పొగ తగ్గుతుందన్న హామీ లేదు. కాలీకాలని పొగ పెరగవచ్చు కూడా. పొగ పరిమితి వున్న పనికి సరుకు ఇచ్చేవారు పొగ పరీక్ష వేరుగా చూసుకోవాలి.

కిలో ధర కాదు, పాలు ధర

ఎరువుల వర్తకులకు ఈ లెక్క కొట్టినపిండి. యూరియాను, డీఏపీని బస్తా ధరతో పోల్చరు. అందులోని పోషకం పాలుతో పోలుస్తారు. ఇక్కడా అంతే. ఎపాక్సీ మిశ్రమంలో సాధారణంగా 1 నుంచి 3 శాతం భాస్వరం వుండేలా చేర్చుతారు. లెక్కకు 2 శాతం అనుకొందాం. 100 కిలోల మిశ్రమానికి 2 కిలోల భాస్వరం కావాలి.

అమోనియం పాలీఫాస్ఫేట్‌లో భాస్వరం 31 నుంచి 32 శాతం. కనుక దాదాపు 6.3 కిలోలు చాలు. అల్యూమినియం డైఇథైల్ ఫాస్ఫినేట్‌లో 23.8 శాతం, 8.4 కిలోలు కావాలి. డోపోలో 14.3 శాతం, 14 కిలోలు కావాలి. ట్రైఫినైల్ ఫాస్ఫేట్‌లో 9.5 శాతం మాత్రమే, 21 కిలోలు పోయాలి. అంటే మిశ్రమంలో అయిదో వంతు చేర్పే అవుతుంది.

ధరల పోలిక చూపడానికి మాత్రమే ఒక వుదాహరణ. పాలీఫాస్ఫేట్ కిలో 300 రూపాయలు, ట్రైఫినైల్ ఫాస్ఫేట్ కిలో 200 రూపాయలు అనుకొందాం. పైకి రెండవదే చవక. కాని కిలో భాస్వరానికి మొదటిది దాదాపు 950 రూపాయలు పడితే, రెండవది 2,100 దాటుతుంది. చవక అనుకున్నది రెట్టింపుకు మించి ప్రియం.

ఈ లెక్క తొలి జల్లెడ మాత్రమే. భాస్వరం శాతం సమానమైనంత మాత్రాన మంటనాపే శక్తి సమానం కాదు. హార్డెనర్ ఏది, గాజు ఎంత, చేర్పు ఏ దారిలో పనిచేస్తుంది అన్న వాటిని బట్టి ఫలితం మారుతుంది. చివరి మాట నమూనా కాల్చి చూసినదే చెప్పాలి.

చీటీమీది శాతం చదవడంలోనూ మెలకువ కావాలి. పాలీఫాస్ఫేట్ బస్తాలపై 72 శాతం అని కనిపించడం కద్దు. అది భాస్వరం కాదు, ఎరువుల లెక్కలోని భాస్వరపు ఆక్సైడు. దానిని 0.436తో గుణిస్తే అసలు భాస్వరం వస్తుంది, అంటే 31.4 శాతం. డీఏపీ బస్తామీది 46 కూడా అటువంటిదే, అసలు భాస్వరం 20 శాతం. ఒక అమ్మకందారు ఆక్సైడు లెక్కలో, మరొకరు భాస్వరం లెక్కలో ధర చెబితే, ఏమరుపాటున రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చినవాడు సగానికి పైగా మోసపోతాడు. భాస్వరం చవకగా దొరుకుతుందని డీఏపీని నూరి రెజిన్‌లో కలపాలని చూడరాదు. అది నీటిలో కరిగిపోయే సరుకు.

చెమ్మ: ఈ కోస్తా అసలు పరీక్ష

స్టోన్‌హౌస్‌పేటలో ధాన్యం కొనేవారు పుట్టి ధర ఖరారు చేసే ముందు తేమ చూస్తారు. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం తేమ దాటరాదన్న నియమం అందరికీ తెలిసినదే. ఇస్కపల్లి ఉప్పు వర్తకులకైతే తుపాను గాలికి బస్తా ఎలా చెమ్మగిల్లుతుందో చెప్పనక్కరలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనం కురిసే ఈ కోస్తాలో భాస్వరం చేర్పులకూ అదే కన్ను కావాలి. భాస్వరం చేర్పుల ప్రధాన బలహీనత నీరు.

దీనికి ప్రపంచ మార్కెట్ చెల్లించిన మూల్యం వున్నది. 2000 ప్రాంతంలో బ్రోమిన్‌కు మారుగా ఎర్ర భాస్వరం కలిపిన ఎపాక్సీ ముద్దతో కంప్యూటర్ చిప్పులకు తొడుగు వేశారు. మంట పరీక్షలో సరుకు నెగ్గింది. కొన్ని నెలల వాడకం తర్వాత గాలిలోని తేమ లోపలికి చేరి ఎర్ర భాస్వరంతో కలిసి ఫాస్ఫారిక్ ఆమ్లం పుట్టింది. ఆ ఆమ్లంలో లోహపు అణువులు ఒక కాలు నుంచి మరొక కాలుకు పాకి షార్ట్ సర్క్యూట్లు ఏర్పడ్డాయి. కంప్యూటర్ల హార్డ్ డిస్కులు పెద్ద సంఖ్యలో పాడయ్యాయి. వ్యవహారం కోర్టులకు ఎక్కింది. మంట పరీక్ష కాగితం ఒక్కటే చూసి సరుకు తీసుకొన్నందుకు చెల్లించిన గుణపాఠం అది.

ఎర్ర భాస్వరం పొడికి రెజిన్ పూతో, అల్యూమినియం హైడ్రాక్సైడు పూతో వేసిన రకాలు వున్నాయి. పూత లేని పొడి తేమ తగిలితే ఆమ్లంతోపాటు ఫాస్ఫీన్ అనే విషవాయువునూ వదులుతుంది. ఎర్ర రంగు వేరే రంగును నిలవనివ్వదు. క్లోరేట్ వంటి బాణసంచా దినుసుల పక్కన దానిని వుంచడం ప్రాణాపాయం. ఇన్ని చిక్కులున్నందున అందులో భాస్వరం పాలు అన్నిటికన్నా ఎక్కువైనా, సున్నితమైన ఎలక్ట్రానిక్ పనికి దానిని ఎంచుకోవడంలో తొందర పనికిరాదు.

పాలీఫాస్ఫేట్‌లో మొదటి ఫేజు, రెండవ ఫేజు అని రెండు స్ఫటిక రూపాలు వున్నాయి. రెండూ తెల్లని పొడులే. కంటికి తేడా కనిపించదు. మొదటి ఫేజుది పొట్టి గొలుసు, నీటిలో తేలికగా కరుగుతుంది. రెండవ ఫేజుది వెయ్యికి మించిన లంకెల పొడవాటి గొలుసు, నీటిలో చాలా కొద్దిగా కరుగుతుంది, వేడికీ మెరుగు. భాస్వరం శాతం రెండింటిలో దాదాపు ఒకటే. కనుక పైన చెప్పిన పాలు లెక్క ఒక్కటే పట్టుకొన్నవాడు మొదటి ఫేజును రెండవ ఫేజు ధరకు కొనే ప్రమాదం వున్నది. తీరప్రాంతంలో మొదటి ఫేజు కలిపిన పలక పైకి చెమ్మ ఊరి, తెల్లని పొర కట్టి, విద్యుత్ నిరోధం పడిపోవచ్చు. బేరంలో ‘రెండవ ఫేజు’ అన్న మాటతోపాటు ‘నూరు మిల్లీలీటర్ల నీటిలో కరిగేది ఎన్ని గ్రాములు’ అన్న అంకె రాయించుకోవాలి. అర గ్రాముకు లోపల వుండటం మంచి సరుకు గుర్తు.

డోపోకు ఈ బాధ తక్కువ. అది పొడిగా మిగలక రెజిన్‌తో రసాయనికంగా కలిసిపోతుంది, కాబట్టి ఊరి బయటికి రాదు. దానికి వేరే మూల్యం వున్నది. ప్రతి డోపో అణువు రెజిన్‌లోని ఒక ఎపాక్సీ కొక్కేన్ని పట్టేస్తుంది. పై లెక్క ప్రకారం 100 కిలోల మిశ్రమంలో 14 కిలోల డోపో, 65 కిలోల మామూలు ద్రవ రెజిన్ వుంటే, కొక్కేలలో దాదాపు అయిదో వంతు ముందే ఖర్చయిపోతాయి. హార్డెనర్ పాలు ఆ మేరకు తగ్గించాలి. తగ్గించకపోతే మిగులు హార్డెనర్ రెజిన్‌లోనే వుండిపోతుంది. కొక్కేలు తగ్గినందున గట్టిదనం, వేడిని ఓర్చే గుణం కొంత దిగుతాయి. అందుకే దీనిని ఎక్కువ కొక్కేలున్న నోవొలాక్ రకం రెజిన్‌తో జతచేస్తారు.

ట్రైఫినైల్ ఫాస్ఫేట్ 50 డిగ్రీల దగ్గర కరిగే మైనం వంటి సరుకు. కలపడం తేలిక. కాని రెజిన్‌ను మెత్తబరుస్తుంది. సీసం లేని టంకం 260 డిగ్రీల వేడి అడిగే బోర్డులలో అది నిలవదు.

పనికి తగిన రూపం

చేర్పు మంచిదైనా పని పద్ధతికి సరిపడకపోతే సరుకు తిరిగి వస్తుంది. గాలిమర రెక్కల వంటి పనులలో గాజు బట్టను అచ్చులో పరచి, గాలి తీసివేసి, రెజిన్‌ను లోపలికి పీల్పిస్తారు. కరగని పొడి కలిపిన రెజిన్‌ను అలా పీల్పిస్తే గాజు బట్ట వడగుడ్డలా పనిచేస్తుంది. పొడి మొదట్లోనే ఆగిపోతుంది. చివరికి చేరేది పొడి లేని రెజిన్. పలకలో ఒక కొస మంటను ఆపుతుంది, మరొక కొస మండుతుంది. ఈ పనికి కరిగే రకమో, రెజిన్‌తో కలిసిపోయే రకమో ఇవ్వాలి. చేత్తో పూసే పనికి, అచ్చులో పోత పోసే పనికి పొడి చెల్లుతుంది.

పొడి కలిపిన రెజిన్ డ్రమ్ముల విషయంలో మరో మాట. పాలీఫాస్ఫేట్ సాంద్రత దాదాపు 1.9, ద్రవ రెజిన్‌ది 1.16. నెలల తరబడి గోదాములో నిలబెట్టిన డ్రమ్ములో పొడి అడుగుకు దిగుతుంది. పైనుంచి తోడి అమ్మితే తొలి కొనుగోలుదారుకు మండే రెజిన్, చివరి కొనుగోలుదారుకు గట్టి ముద్ద దక్కుతుంది. డ్రమ్మును పూర్తిగా కలిపిన తర్వాతే నమూనా తీయాలి, విడి అమ్మకం చేయాలి.

కాగితం చూడటం, పుల్ల కాల్చడం

ఈ సరుకుకు మార్కెట్లో చెల్లే ముద్ర ‘యూఎల్ 94 వీ-జీరో’. నిలువుగా వేలాడగట్టిన పట్టీ కిందికొసకు 10 సెకన్లు మంట పెట్టి తీస్తారు. ఆరగానే మరో 10 సెకన్లు పెడతారు. ప్రతిసారీ 10 సెకన్లలోగా మంట ఆరిపోవాలి. అయిదు పట్టీలకు కలిపి 50 సెకన్లు మించరాదు. కింద పరచిన దూదిని అంటించే నిప్పుచుక్క రాలరాదు.

ఈ ముద్ర మందంతో కట్టుబడి వుంటుంది. 3 మిల్లీమీటర్ల పలకకు వచ్చిన వీ-జీరో 0.8 మిల్లీమీటర్ల పలకకు వర్తించదు. పలుచని సరుకు తేలికగా మండుతుంది. కాగితంలో మందం గడి ఖాళీగా వుంటే ఆ కాగితానికి విలువ లేదు.

జీ-10, ఎఫ్ఆర్-4 పలకల తేడా కూడా వర్తకులు మనసులో వుంచుకోవాలి. రెండూ గాజు ఎపాక్సీలే. ఎఫ్ఆర్-4లో మంటనాపే చేర్పు వుంటుంది, జీ-10లో వుండదు. రెండూ పక్కపక్కన పెడితే పోల్చడం కష్టం. స్విచ్‌బోర్డుల తయారీదారుకు జీ-10ను ఎఫ్ఆర్-4గా అమ్మితే, ఒకనాడు నిప్పు పుట్టినప్పుడు బిల్లుమీది పేరే సాక్ష్యం చెబుతుంది.

చేతి పరీక్షలు కొన్ని వున్నాయి. ఆరుబయట, మనుషులకు దూరంగా, సన్నని పట్టీని పటకారుతో పట్టి మంట చూపి తీస్తే జీ-10 మండుతూనే వుంటుంది, ఎఫ్ఆర్-4 కొద్ది క్షణాలలో ఆరిపోతుంది. బ్రోమిన్ రకమా, భాస్వరం రకమా అన్న అనుమానానికి రాగి తీగ పరీక్ష పాతకాలపుదే. ఎర్రగా కాల్చిన రాగి తీగను రాగి రేకు తీసిన పలకకు తాకించి మళ్లీ మంటలో పెడితే, హాలోజన్ వున్న సరుకుకు మంట పచ్చగా మారుతుంది. రెజిన్‌లో మిగిలిన కొద్ది క్లోరిన్ కూడా లేత పచ్చను చూపవచ్చు. కనుక ఇది అనుమానం పుట్టించడానికే తప్ప తీర్పు చెప్పడానికి కాదు. తీర్పు ప్రయోగశాలదే.

తీరప్రాంతపు పనికి వీ-జీరో కాగితంతో ఆగక, 85 డిగ్రీల వేడి, 85 శాతం గాలి తేమ వద్ద వుంచిన తర్వాత విద్యుత్ నిరోధం ఎంత మిగిలిందో చూపే కాగితం కూడా కోరాలి. ఎలక్ట్రానిక్ పరిశ్రమలో ఇది వాడుకలో వున్న పరీక్షే.

సరఫరా ఎక్కడి నుంచి?

ఈ చేర్పులలో చాలావాటికి మూలం పసుపు భాస్వరం. ఫాస్ఫేట్ రాయిని, ఇసుకను, కోక్ బొగ్గును విద్యుత్ కొలిమిలో కాల్చి దానిని తీస్తారు. టన్నుకు పదమూడు, పద్నాలుగు వేల యూనిట్ల విద్యుత్తు పోతుంది. అందుకే విద్యుత్తు చవకగా దొరికే చైనా, వియత్నాం, కజకస్తాన్‌లదే ఈ వ్యాపారం. ఈ సరుకు ధర కొలిమిలోని కరెంటుతో ముడిపడి వున్నది.

2021 సెప్టెంబరులో చైనాలోని యునాన్ రాష్ట్రం విద్యుత్తు పొదుపు కోసం పసుపు భాస్వరం నెలసరి ఉత్పత్తిని ఆగస్టు స్థాయిలో పదో వంతుకు కుదించాలని ఆదేశించింది. సరఫరా తెగింది, ధర రోజుల వ్యవధిలో ఎగబాకింది. పురుగుమందుల నుంచి మంటనాపే చేర్పుల వరకు అన్నిటికీ ఆ సెగ తగిలింది. ముందుగా ధర ఖరారు చేసుకోకుండా సరఫరాకు మాట ఇచ్చినవారే అటువంటి వేళ ఇరుకున పడతారు. భాస్వరం చేర్పుల వ్యాపారం చేసేవారు రెజిన్ ధరతోపాటు యునాన్ కొలిముల వార్తను కూడా గమనించక తప్పదు.

రెజిన్ వైపు పరిస్థితి కొంత నయం. గుజరాత్‌లో ఎపాక్సీ తయారీ పాతుకొని వున్నది. ముడిసరుకైన ఎపిక్లోరోహైడ్రిన్ ఉత్పత్తి 2022లో అదే రాష్ట్రంలోని దహేజ్‌లో మొదలైంది. దిగుమతి సరుకుపై సుంకాలు, డంపింగ్ వ్యతిరేక పన్నులు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. కనుక 3907 30 పద్దు కింద తాజా కస్టమ్స్ ప్రకటన చూసుకొన్న తర్వాతే ధర ఖాయపరచుకోవడం క్షేమం.

ఒప్పందంలో వుండవలసినవి

చేర్పు కొనేటప్పుడు చీటీలో అయిదు సంగతులు వుండాలి: రసాయనం పేరు, భాస్వరం శాతం ఆక్సైడు లెక్కలో కాక భాస్వరం లెక్కలో, పాలీఫాస్ఫేటయితే ఏ ఫేజు, నీటిలో కరిగే మోత, బస్తా తెరిచేనాటి తేమ. పలక కొనేటప్పుడు వీ-జీరో మందంతో సహా, క్లోరిన్, బ్రోమిన్ అంకెలతో సహా, తేమ పరీక్ష తర్వాతి విద్యుత్ నిరోధంతో సహా వుండాలి. ప్రతి లాటు నుంచి ఒక నమూనాను సీలు వేసి ఉభయులూ దాచుకోవాలి.

గోదాములో బస్తాలను నేలపై కాక చెక్క దిమ్మెలపై, గోడకు ఎడంగా పేర్చాలి. తెరిచిన బస్తాను తిరిగి మూతికట్టాలి. ఈశాన్య రుతుపవనానికి ముందు కొన్న సరుకును సంక్రాంతి తర్వాత అమ్మేవారు తేమ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి.

అభ్రకపు రోజులలో గూడూరు వర్తకుడు రేకును వెలుతురుకు ఎత్తిపట్టి మచ్చను పసిగట్టేవాడు. భాస్వరం చేర్పులో మచ్చ కంటికి కనిపించదు. అది నీటిలో కరిగే అంకెలో, కాగితంలోని మందం గడిలో వుంటుంది. ఆ రెండు అంకెలు అడగకుండా కొన్న సరుకు ఈ కోస్తాలో ఒక వానాకాలం దాటుతుందని నమ్మడానికి లేదు.